కొత్తిమీర కుండీలో పక్కింటి పిల్లి

మిద్దెతోట పెంచేవాళ్లు ఇద్దరు కలిస్తే మొదటి పది నిమిషాలు పిండినల్లి గురించి మాట్లాడుకుంటారు. తర్వాత కోతుల గురించి. మూడో విషయం మాత్రం గొంతు తగ్గించి చెబుతారు, ఎందుకంటే దాని యజమాని పిట్టగోడకి అవతలే బట్టలు ఆరేస్తూ ఉంటారు. అదే, పక్కింటి పిల్లి. పిండినల్లికి వేపనూనె కొడతాం, కోతికి వల కడతాం. పక్కింటి పిల్లిని ఏమన్నా అంటే అది పక్కింటివాళ్లని అన్నట్టే.

మాది విజయవాడ సత్యనారాయణపురం. పాత ఇళ్లు, గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. మా డాబా మీంచి పక్క డాబా మీదకి పిల్లి ఏం ఖర్మ, కాస్త ధైర్యం ఉంటే మనిషే దాటేయొచ్చు. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. అమ్మ డాబా మీద ఓ నలభై కుండీలు పెంచుతోంది. వంకాయ, బెండకాయ, గోంగూర, పాలకూర, పుదీనా, ముఖ్యంగా కొత్తిమీర. పక్కింటి పిన్నిగారికి లడ్డూ అని ఒక పిల్లి ఉంది. భోజనాల వేళకి వచ్చి పోయేవి ఇంకో రెండు. ఈ మూడింటికీ ఉమ్మడి మరుగుదొడ్డి మా కొత్తిమీర కుండీ.

ధనియాలు నలిపి, చల్లి, పైన మట్టి కప్పి, నీళ్లు చిలకరించి అమ్మ కిందికి దిగుతుంది. మర్నాడు పొద్దున్నే చూస్తే కుండీ మధ్యలో గొయ్యి, గోతిలో కానుక, ధనియాలన్నీ గచ్చు మీద. ఇది నెలల తరబడి సాగింది. అప్పటిదాకా ఇంట్లో ఇదొక కామెడీ. ఏడో నెలలో అక్క పురిటికి వచ్చాక కామెడీ కాకుండా పోయింది. చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరుగారు "ఇంట్లో పిల్లులున్నాయా?" అని అడిగారు. అమ్మ "మా ఇంట్లో లేవండీ" అని ఆగి, "కానీ వస్తాయి" అంది.

భయం పేరు టాక్సోప్లాస్మా. కంటికి కనిపించని పరాన్నజీవి. చాలా జంతువుల్లో బతుకుతుంది కానీ దాని గుడ్లలాంటివి బయటికొచ్చేది మాత్రం పిల్లి జాతి జంతువుల మలంలోనే. గర్భిణికి అది జీవితంలో మొదటిసారి ఆ సమయంలోనే సోకితే కడుపులో బిడ్డకి చేరి కళ్లకీ మెదడుకీ హాని చేసే ప్రమాదం ఉంది. ఇంతవరకు చదివి ఆగిపోయినవాళ్లే వాట్సాప్‌లో 'గర్భిణులున్న ఇంట్లోకి పిల్లిని రానీయకండి' అని పంపుతుంటారు. మిగతా సగం కూడా చదివితే కాస్త ఊపిరి తీసుకోవచ్చు. పిల్లి జీవితాంతం దీన్ని విసర్జిస్తూ ఉండదు. మొదటిసారి సోకినప్పుడు సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే. బయటికొచ్చిన వెంటనే అది మనకి అంటుకోదు కూడా, అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అంటే రోజూ శుభ్రం చేసే చోట ప్రమాదం చాలా తక్కువ. శుభ్రం చేయని తడి మట్టిలో మాత్రం నెలల తరబడి బతికే ఉంటుంది. మన కుండీ అచ్చంగా ఈ రెండో రకం. పైగా లడ్డూ ఎలుకల్ని పట్టే పిల్లి. పచ్చిమాంసం, వేట, ఈ రెండూ ఉన్న పిల్లులకే ఇది ఎక్కువగా సోకుతుంది.

పిల్లిని ముట్టుకోవడం కన్నా మట్టి చేతులు నోటి దగ్గరికి వెళ్లడం, కడగని ఆకు పచ్చిగా తినడం, సరిగా ఉడకని మాంసం తినడం ఎక్కువ ప్రమాదం. గోంగూర పప్పులో పడి ఉడుకుతుంది కాబట్టి దాంతో పేచీ లేదు. కొత్తిమీర, పుదీనా అలా కాదు కదా. దించిన చారు మీద చల్లేస్తాం, పెరుగు పచ్చడిలో పచ్చిగానే కలిపేస్తాం. అక్కకి రక్తపరీక్ష రాయించుకున్నాం. డాబా కొత్తిమీర ఆపేసి, అక్కని మట్టి ముట్టనివ్వలేదు. అమ్మ చేతికి గ్లౌజులొచ్చాయి. ఇవన్నీ ఒక్కరోజులో అయిపోయాయి. అసలు పని పిల్లిని ఆపడం.

దానికి ముందు పిల్లి వైపు నుంచి ఒకసారి ఆలోచించాలి. నలభై కుండీల్లో దానికి కొత్తిమీర కుండీయే ఎందుకు? పిల్లికి మలం కప్పెట్టడం పుట్టుకతో వచ్చిన అలవాటు. దానికి కావలసింది వదులుగా, మెత్తగా, పంజాతో గీరితే లేచే మట్టి. మిద్దెతోట వాళ్లం ఏం చేస్తాం? మిద్దె మీద బరువు పడకూడదని కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, కాస్త ఎర్రమట్టి కలిపి గుల్లగా నింపుతాం. కొబ్బరిపొట్టుని బయట మార్కెట్లో పిల్లుల ట్రేలో పోయడానికి కూడా అమ్ముతారు. అంటే మనం డాబా మీద నలభై పిల్లి ట్రేలు పరిచి, వాటిల్లో మొక్కలు కూడా పెట్టామన్నమాట. వంగ కుండీలో మొక్క కాండం, కర్ర, ఆకులు అడ్డం. కొత్తిమీర చల్లిన కుండీ మాత్రం రెండు వారాల పాటు బోసిగా, మైదానంలా ఉంటుంది. ఒకసారి వాడాక ఆ వాసన అక్కడే ఉండిపోతుంది, అదే దానికి గుర్తు.

వాసన అంటే ఇంకోటి. మొక్కలు ఏపుగా పెరగాలని చేప ముక్కలు, బెల్లం ఊరబెట్టి మీనామృతం తయారుచేస్తుంటారు చాలామంది. మొక్కకి అది బలమే కానీ పిల్లికి పెళ్లి భోజనాల పిలుపు. ఎముకల పొడి ఎరువు కూడా అంతే. మీనామృతం పోసి, మా కుండీల్లోకి పిల్లులొస్తున్నాయని గ్రూపుల్లో బాధపడేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది.

మీలో చాలామందికి తెలియని ముచ్చట కుప్పింటాకు. కుండీల్లో, గోడ పక్కన తనంతట తనే మొలిచే కలుపు మొక్క. చిన్నప్పుడు గజ్జి వస్తే ఉప్పేసి నూరి రాసేవారే, అదే. దాని వేరంటే పిల్లులకి పిచ్చి. మొక్క పీకితే చాలు, వచ్చి వేరు నమిలి, దాని మీద దొర్లి, మత్తెక్కినట్టు పడుకుంటాయి. మలయాళంలో దానికి 'పూచమయక్కి' అనే పేరే ఉంది, పిల్లిని మత్తెక్కించేది అని అర్థం. విదేశాల్లో క్యాట్‌నిప్ అని డబ్బులు పెట్టి కొనుక్కునేదానికి మన దగ్గర ఇది ఉచిత సరుకు. కలుపు తీసి మొక్కల్ని అక్కడే కుండీ మీద మల్చింగ్‌గా పరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పీకగానే మూటగట్టి కిందకి తీసుకెళ్లిపోవాలి.

సలహాలకి మన దేశంలో కొరత ఉండదు. కారం చల్లమన్నారు. కారం పంజాకి అంటుకుని, అది ముఖం కడుక్కునేటప్పుడు కళ్లలోకి వెళ్తుంది. ఒక వాన పడితే మొత్తం కొట్టుకుపోతుంది కూడా. కలరా ఉండలు వేయమన్నారు. నాఫ్తలీన్ పిల్లులకే కాదు, పిల్లలకీ విషమే. తినే ఆకు పెరిగే మట్టిలో దాన్నెవరైనా వేస్తారా? ఫినాయిల్ చల్లమన్నారు. పిల్లి కాలేయంలో ఫినాల్ లాంటి పదార్థాల్ని విరిచి బయటికి పంపే ఎంజైము సరిగ్గా పనిచేయదు. మనకి జ్వరానికి వేసే పారాసెటమాల్ బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదంటే కారణం అదే. పాదాలకి అంటిన ఫినాయిల్ అది నాకుతుంది. కాఫీ పొడి కూడా అలాంటిదే, కెఫీన్ వాటికి విషం. నారింజ, నిమ్మ తొక్కలు ఉన్నంతలో నయం. చాలా పిల్లులకి ఆ వాసన నచ్చదు. కానీ మన ఎండకి మధ్యాహ్నానికల్లా ఎండి వాసన పోతుంది. రోజూ వేయగలిగితే వేయండి, అంతే.

ఎర్రనీళ్ల సీసా సంగతి మీకు తెలిసే ఉంటుంది. కుక్కలు రావని మన వీధుల్లో గుమ్మాల ముందు పెడతారు. జపాన్‌లో ఇదే పని పిల్లుల కోసం మామూలు నీళ్ల సీసాలతో చేస్తారు. కుక్కకీ పిల్లికీ ఎరుపు మనలా కనిపించదు కాబట్టి రంగుకి అర్థం లేదు. ఇంకా చెప్పాలంటే నీళ్ల సీసా ఎండలో భూతద్దంలా పనిచేసి మంటలు రేగే ప్రమాదం ఉందని అక్కడి అగ్నిమాపక శాఖలే హెచ్చరించాయి. విజయవాడ మే ఎండలో, ఎండుటాకుల పక్కన, అది వద్దులెండి.

వీటన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించింది మా వీధిలో ఒకాయన సలహా. "ఎలుకల మందు అన్నంలో కలిపి పెట్టేయండి, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు, అదీ కాఫీ తాగుతూ. చట్టం సంగతి చెప్పా. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద మొదటిసారి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అది విని ఆయన మొహం వెలిగింది. కానీ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 325 ఉంది. జంతువుని చంపినా, విషం పెట్టినా, వికలాంగం చేసినా ఐదేళ్ల దాకా జైలు. వెలుగు ఆరిపోయింది. "పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలి, గ్రాము ఎంతుందో తెలుసా?" అని అమ్మ తన వంతు సెక్షన్ చదివింది. నాకు తెలిసి ఆయన మీద ఎక్కువ పనిచేసింది అదే.

ఇక పిన్నిగారితో మాట్లాడాలి. పిల్లి మెడలో గంట కట్టడమంటే ఇదే. అమ్మా పిన్నిగారూ ఇరవై ఏళ్లుగా వదినలు. ఆవకాయ జాడీ ఎప్పుడూ ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదకి వెళ్తూ ఉంటుంది. ఈ మధ్య కుండీల గొడవతో అమ్మ మాటలు తగ్గించేసింది. ఆవిడకి కారణం తెలియదు. అందుకని నేను వెళ్లా.

"పిన్నిగారూ, లడ్డూ మా కొత్తిమీర కుండీలోకి వస్తోందండీ. అక్క ఉంది కదా, డాక్టరుగారు జాగ్రత్త అన్నారు."

"మా లడ్డూ అలాంటిది కాదు నాన్నా. అది ఎప్పుడూ ఇసకలోనే వెళ్తుంది."

ఫోన్‌లో వీడియో చూపించా. డాబా మీద పాత ఫోన్‌ని కెమెరాగా పెట్టి తీసింది. పిన్నిగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు. "ఎంత ముద్దుగా కూర్చుందో చూడు" అన్నారు ముందు. తర్వాత "అయ్యో, వదిన ఎంత బాధపడుంటుంది" అన్నారు. నాకు మాత్రం ఆవిడ అన్న మొదటి మాట దగ్గరే బుర్ర ఆగింది. ఇసక! ఏ ఇసక?

మా ఇళ్ల వెనక స్థలంలో రెండేళ్ల పాటు అపార్ట్‌మెంట్ కట్టారు. ఓ మూల ఎప్పుడూ ఇసక కుప్ప ఉండేది. వీధిలోని పిల్లులన్నీ అక్కడికే వెళ్లేవట. అపార్ట్‌మెంట్ పూర్తయింది, ఇసక పోయింది, చుట్టూ గచ్చు చేసేశారు. అమ్మ క్యాలెండర్ మీద రాసుకున్న విత్తనాల తేదీలు చూస్తే, మా కుండీల మీద దాడి సరిగ్గా ఆ నెలలోనే మొదలైంది. డీబగ్గింగ్‌లో మేం మొదట అడిగే ప్రశ్న ఇదే కదా: నిన్నటిదాకా పనిచేసింది, మధ్యలో ఏం మారింది? ఇక్కడ లడ్డూ మారలేదు. దాని మరుగుదొడ్డి కూల్చేశారు, అంతే.

కాబట్టి మొదటి మందు ఇసక. పిన్నిగారి డాబా మీద, మెట్ల గది వెనక నీడలో పాత సిమెంటు తొట్టి ఉంది. దాన్లో జానెడు ఎత్తు ఇసక పోశాం. మా కుండీలోంచి తీసిన మట్టి ఓ గరిటెడు దాని మీద వేశాం, ఇదే నీ చోటు అని వాసనతో చెప్పడానికి. రోజూ పొద్దున్నే తీసి పారేయడం పిన్నిగారి బాధ్యత. రోజూ అన్నమాట ఎందుకు ముఖ్యమో పైన చెప్పాను, ఆ 1 నుంచి 5 రోజుల లెక్క. పైగా మురికి తొట్టిలోకి పిల్లి వెళ్లదు, మళ్లీ మన కుండీ వెతుక్కుంటుంది.

రెండోది మా వైపు కుండీలు. ఇక్కడ టెక్నాలజీ ఏమీ లేదు. కోళ్ల జాలీ తెచ్చి కుండీ మూతికి సరిపడా కత్తిరించి, అంచులు లోపలికి మడిచి మట్టి మీద పరిచాం. కొత్తిమీర ఆ కన్నాల్లోంచే హాయిగా పైకొస్తుంది, పిల్లికి మాత్రం గీరడానికి మట్టి దొరకదు. పెద్ద టబ్బుల్లో చీపురు పుల్లలు బెత్తెడు దూరానికొకటి గుచ్చాం. పొలం గట్ల మీద తాతలు రేగుకంప వేసేవారు కదా, డాబాకి దాని చిన్న వెర్షన్ నిమ్మ కొమ్మలు, కాగితప్పూల కొమ్మలు. ముళ్లు పైకి కనిపించేలా ఉంటే చాలు, పిల్లి చాలా జాగ్రత్త గల జంతువు, కాలు పెట్టదు. ఖాళీ కుండీల్ని ఖాళీగా ఉంచకుండా బోర్లించేశాం. విత్తనాలు చల్లిన సాయంత్రమే మట్టి బాగా తడపడం కూడా కాస్త పనిచేస్తుంది, దానికి పొడి మట్టి ఇష్టం.

ఈ రెండింటితోనే ముప్పావు వంతు సమస్య తీరిపోయిందని నా అభిప్రాయం. మిగిలిన పావు కోసం నేను మూడు వారాంతాలు ఖర్చుపెట్టాను. ఇంజినీర్లం కదా, అదో జబ్బు.

ఆన్‌లైన్‌లో అల్ట్రాసోనిక్ పెట్టెలు అమ్ముతారు. మన చెవికి 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు, పిల్లికి 60 వేలు దాటినా వినపడుతుంది. ఆ మధ్యలో గోల చేసి తరిమేయడం దాని పని. ఉత్త మోసమేమీ కాదు. 2006లో బ్రిటన్‌లో ఇళ్ల తోటల్లో పరీక్షిస్తే పిల్లుల రాక సుమారు మూడో వంతు తగ్గింది, 2018లో ఆస్ట్రేలియా అధ్యయనంలో దాదాపు సగం తగ్గింది. తగ్గింది, ఆగలేదు. ముసలి పిల్లికి, చెవుడున్న పిల్లికి పనిచేయదు. పైగా కుక్కలకీ వినపడుతుంది, మా ఎదురింట్లో పమేరియన్ ఉంది. ఒక గొడవ తీర్చుకోబోయి ఇంకోటి ఎందుకని నీళ్ల వైపు వెళ్లాను.

మాకు ముప్పై కిలోమీటర్ల దూరంలోనే తెనాలి. రామకృష్ణుడి పిల్లి కథ మా ప్రాంతంలో చిన్నపిల్లలకి కూడా వచ్చు. ఒక్కసారి మరిగే పాలు పెడితే ఆ పిల్లి ఇక జన్మలో పాల గిన్నె చూసి పారిపోయింది. సూత్రం సరైనదే, నోరు కాల్చడం అన్యాయం. చల్లటి నీళ్ల జల్లు రెండు సెకన్లు పడితే అదే పాఠం, దెబ్బ లేకుండా. కాకపోతే మనం నిలబడి కొడితే అది మనకి భయపడుతుంది, కుండీకి కాదు. మనం లేనప్పుడు వస్తుంది. యంత్రం కొడితే ఆ చోటుకే భయపడుతుంది.

కదలికని పట్టే పీఐఆర్ సెన్సర్, ఈఎస్‌పీ32 బోర్డు, ఒక రిలే తీసుకున్నా. నీళ్లకి ముందు సోలినాయిడ్ వాల్వ్ అనుకున్నా కానీ కొనేముందు లెక్క వేస్తే కుదరదని తేలింది. నీళ్లు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక బార్ ప్రెషర్. మా ట్యాంకు డాబా మీదే, కుండీలకన్నా మనిషెత్తు పైన. ఆ ప్రెషర్‌తో వచ్చేది జల్లు కాదు, అభిషేకం. అందుకని రైతులు వీపున వేసుకునే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండే 12 వోల్టుల పంపు తెచ్చి, బకెట్‌లో పైపు పెట్టా. మోటారు కాబట్టి రివర్స్‌లో ఒక డయోడ్ తప్పనిసరి. సెన్సర్‌ని వైఫై బోర్డుకి ఆనించి పెడితే ఊరికే ట్రిగ్గర్ అవుతుంది, కాబట్టి మూరెడు వైరు వేసి దూరంగా బిగించాలి. సెన్సర్ ఎత్తు కుండీ మట్టానికి, చూపు పిట్టగోడ వైపు. మొత్తం ఖర్చు రెండు వేలు దాటలేదు.

పీఐఆర్ గురించి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. అది చూసేది కదలికని కాదు, వేడిలో తేడాని. చల్లటి గోడ ముందు వెచ్చటి పిల్లి నడిస్తే దానికి స్పష్టంగా కనిపిస్తుంది. మే నెలలో మా డాబా గచ్చు వేడీ, పిల్లి ఒంటి వేడీ ఒకటైపోయే వేళలుంటాయి. అప్పుడు దాని దృష్టిలో పిల్లి మాయం. ఎండకి కాగిన ఆకు గాలికి ఊగితే మాత్రం పులొచ్చినట్టు నీళ్లు కొడుతుంది. అందుకని కోడ్‌లో టైమ్ పెట్టేశా, సాయంత్రం ఆరున్నర నుంచి పొద్దున ఆరున్నర దాకే పనిచేస్తుంది. పిల్లులు ఎక్కువగా తిరిగేది మసక చీకట్లోనూ, తెల్లవారుజామునే కాబట్టి పెద్దగా నష్టం లేదు. మొదటి వారం లడ్డూకి రెండుసార్లు తగిలింది. నాన్నకి నాలుగుసార్లు. తెల్లవారకముందే డాబా మీద నడిచే అలవాటు ఆయనది. ఇప్పుడు మెట్ల దగ్గర ఒక స్విచ్ ఉంది, ఆయనే ఆపి ఎక్కుతారు.

మూడోది నేను చేసింది కాదు, పిన్నిగారు చేసింది. లడ్డూకీ, ఆ రెండింటిలో ఒకదానికీ ఆపరేషన్ చేయించారు. ఆడపిల్లి ఐదారు నెలల వయసుకే కడుపుతో ఉండగలదు, తొమ్మిది వారాల్లో ఈనుతుంది. లెక్కపెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి మూడు పిల్లులు ఎన్నవుతాయో చూడండి. గండుపిల్లికి చేయిస్తే ఊరంతా తిరగడం, గోడల మీద ఘాటుగా పోయడం కూడా బాగా తగ్గుతాయి. మూడోది మాత్రం ఎవరి చేతికీ చిక్కడం లేదు. నల్ల మచ్చలది, తెల్లవారుజామున గోడ దూకి మాయమైపోతుంది. పిన్నిగారు బోను తెప్పించి వేపుడు చేప ముక్క పెట్టి రెండు రాత్రులు కూర్చున్నారు. చేప తినేసి వెళ్లిపోయింది.

అక్క రిపోర్టులో ఆ పరాన్నజీవి ఎప్పుడో పాతకాలంలోనే సోకి తగ్గిపోయినట్టు వచ్చింది. గర్భానికి చాలా ముందే సోకి ఉంటే సాధారణంగా బిడ్డకి ముప్పు ఉండదని డాక్టరుగారు చెప్పారు. అక్క వెంటనే "అయితే కొత్తిమీర వేయించవే" అంది. అమ్మ ఒప్పుకోలేదు. కాన్పు అయ్యేదాకా బజారు కొత్తిమీరే, అదీ మూడు నీళ్లలో కడిగి. మేనకోడలు పుట్టి ఇప్పుడు నాలుగో నెల. జాలీ కుండీల్లో కొత్తిమీర మళ్లీ వేశాం, బాగానే వస్తోంది. ఆవకాయ జాడీ రాకపోకలు మొదలయ్యాయి. పిన్నిగారు ఊరెళ్లినప్పుడు ఇసక తొట్టి శుభ్రం చేసే డ్యూటీ నాది. నిన్న ఆవిడ గోడ మీంచి పిలిచి, వాళ్ల జామచెట్టు మీదకి కోతులొస్తున్నాయి, నీ మిషన్ ఒకటి మాకూ పెట్టు నాన్నా అన్నారు. కోతికి ఆ పంపు చాలదని చెప్పా. అయినా ఓసారి చూద్దామన్నారు.